ట్యాప్ డాన్స్ సినిమాలో పాదాలే కనపడకపోతే? (తొలినాటి నల్లజాతి పాటల-నవ్వుల సినిమాలు, ఏ కాపీ వేయాలి)

నేలటికెట్ #1
ఫిల్మ్ క్లబ్బులో ఒక సాయంత్రం 2 గంటలు దొరికింది. 1930ల్లో, 40ల్లో అమెరికాలో అందరూ నల్లజాతి కళాకారులతోనే తీసిన పాటల-హాస్యం సినిమాలు వేద్దామని. దొరికిన కాపీలతో మూడు తలనొప్పులు. ఒకటి, 'స్టార్మీ వెదర్' (1943) తెర నిండా వస్తోంది గానీ నికొలస్ అన్నదమ్ములు మెట్ల మీంచి దూకే చోట పాదాలు లేవు. బూటు చప్పుడుతో తాళం వేసే ట్యాప్ నాట్యంలో పాదాలే లేకపోతే ఇక చూసేదేముంది? రెండు, లూయీ జోర్డన్ మూడు నిమిషాల పాట ఒకదాంట్లో సాక్సఫోన్ మీద కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. ఆయనది పుర్రచేతి వాటమా? మూడు, ఒక పాత పొట్టి సినిమాలో కాలు నేలకి ఆనకముందే టక్కుమంటోంది. వీటిని సరిచేయొచ్చా? అసలు ఏవి వేయాలి, ఏ వరసలో?

రీలుడబ్బా #2
మొదటిదానికి ఒకటే పరీక్ష. బ్యాండు ఉన్న సీనులో పెద్ద డ్రమ్ము ముఖం చూడండి. కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంటే బొమ్మని లాగారంతే, ప్లేయరులో 4:3 పెడితే కుదురుకుంటుంది. డ్రమ్ము గుండ్రంగానే ఉండి పాదాలు లేవంటే పైనా కిందా కోసేశారు. 4:3 బొమ్మని 16:9 తెర నిండా పరిస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. మీరు చెప్పేది ఈ రెండోదే. పోయిన పాదాలు ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టదు, పక్కల నల్లపట్టీలు ఉన్న కాపీ వెతుక్కోండి.

అరటితొక్క #3
కోసినవాడు ట్యాప్ అంటే కుళాయి అనుకుని ఉంటాడు.

సాక్సుసత్యం #4
రెండోదానికి జవాబు: జోర్డన్‌ది పుర్రచెయ్యి కాదు, మీ కాపీ అద్దంలో బొమ్మ. అది సౌండీ, అంటే నాణెం వేస్తే పెట్టెలో ఆడే పాట బొమ్మ. 1940 నుంచి 1946-47 దాకా ఇలాంటివి 1,800కి పైగా తీశారు. వీటిని వేసే పెట్టె పేరు పానొరామ్, షికాగోలో మిల్స్ నావెల్టీ కంపెనీ తయారీ. బార్లలో, హోటళ్లలో, బస్టాండ్లలో పెట్టేవారు. 16 ఎంఎం ప్రొజెక్టరు పెట్టె అడుగున ఉంటుంది, వెలుగు అద్దాల మీంచి మళ్లి తెర వెనకనుంచి పడుతుంది. అలా పడితే కుడి ఎడమవుతుంది కాబట్టి ప్రింటునే తిరగేసి తీసేవారు. పెట్టెలో చూస్తే సరిగ్గా ఉంటుంది. అదే ప్రింటుని ఇప్పుడు మామూలుగా స్కాన్ చేస్తే మొత్తం తారుమారు. టైటిల్ అక్షరాలు ఉంటే వెంటనే తెలిసిపోతుంది, కాకపోతే ఎక్కించేవాళ్లు టైటిలు కోసేసి పాట మాత్రమే పెడుతుంటారు.

గుర్తుపట్టడానికి కోటు పైజేబు చూడండి. అది వేసుకున్నవాడి ఎడమ రొమ్ము మీద ఉంటుంది, అంటే మనకి కుడివైపు. మనకి ఎడమవైపు కనిపిస్తే బొమ్మ తిరగబడింది. సాక్సఫోన్‌కి ఎప్పుడూ ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. ట్రంపెట్ మీటలు నొక్కేది కుడిచెయ్యి. ఇవన్నీ ఒకేసారి తారుమారైతే ఇక అనుమానం అక్కర్లేదు. వీఎల్‌సీ ప్లేయరులో వీడియో ఎఫెక్ట్స్, జామెట్రీ, ట్రాన్స్‌ఫార్మ్, అక్కడ అడ్డంగా తిప్పు. పది సెకన్ల పని.

బాల్కనీబాబు #5
పానొరామ్‌లో పాట మనం ఎంచుకునే వీలు లేదు కదా?

సాక్సుసత్యం #6
లేదు. ఒక రీలు మీద ఎనిమిది పాటలు, మొదలూ చివరా అతికించిన చక్రం. ఒక్కో పాటకి 10 సెంట్లు. ముందువాడు చూసి వెళ్లిన దాని తరవాతిదే మీకు వస్తుంది. 16 ఎంఎం ఫిల్ము నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది, మూడేసి నిమిషాల పాటలు ఎనిమిదంటే 860 అడుగుల పైచిలుకు. చుట్టి వెనక్కి తిప్పే పనే లేదు, అదే ఆ చక్రం సుఖం.

బాల్కనీబాబు #7
అంటే మనకి కావలసిన పాట అప్పుడే అయిపోతే మళ్లీ దాని దాకా రావడానికి 80 సెంట్లు. చుట్టూ తిరిగి చెవి పట్టుకోవడం అంటే ఇదే.

పాతబొమ్మలపిచ్చి #8
మూడో సమస్య గురించి. పొట్టి సినిమా అంటున్నారు కాబట్టి వార్నర్ స్టూడియోవాళ్ల వైటాఫోన్ అయుండాలి. వైటాఫోన్‌లో శబ్దం గ్రామఫోన్ ప్లేటు మీద ఉంటుంది, సూది జారితే తేడా వస్తుంది. ఏ సినిమా అది?

నేలటికెట్ #9
'రూఫస్ జోన్స్ ఫర్ ప్రెసిడెంట్', 1933.

రీలుడబ్బా #10
అయితే ప్లేటు కాదు. #8లో చెప్పింది 1926 నుంచి 1930 దాకా నిజం. అప్పట్లో 16 అంగుళాల ప్లేటు, 33⅓ వేగం, సూది లోపలి గాడిలో మొదలై బయటికి వచ్చేది. ఒక్కో ప్లేటు సుమారు 11 నిమిషాలు, ఎందుకంటే 1,000 అడుగుల రీలు నిమిషానికి 90 అడుగుల చొప్పున అంతసేపే నడుస్తుంది. ఫిల్ము తెగి నాలుగు ఫ్రేములు పోతే ఆ చోట నాలుగు నల్ల ఫ్రేములు అతికించాలి. లేకపోతే రీలు చివరి దాకా మాట ఒకరిది, నోరు ఒకరిది. తరవాత వార్నర్ వాళ్లు ఫిల్ము మీది శబ్దానికి మారిపోయి వైటాఫోన్ అన్న పేరు మాత్రం ఉంచుకున్నారు. 1933 సినిమాకి ప్లేటు మీద నింద వేయకండి.

పాతబొమ్మలపిచ్చి #11
సరే, ఒప్పుకున్నా. మరి తేడా ఎక్కడిది?

కాళ్లచప్పుడు #12
ముందు తేడా ఏ రకమో తేల్చుకోవాలి. మొదటి రెండు నిమిషాల్లో ఒక చప్పట్లో, తలుపు కొట్టడమో దొరకబుచ్చుకోండి, చివర్లో ఇంకొకటి. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే శబ్దాన్ని జరిపితే చాలు. వీఎల్‌సీలో కె నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, జె నొక్కితే అంత ముందుగా. ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు, కాబట్టి ఒక నొక్కు అంటే ఒక ఫ్రేముకి కాస్త పైన. మాటల్లో రెండు ఫ్రేముల తేడా ఎవరూ పట్టించుకోరు గానీ ట్యాప్‌లో కన్ను వెంటనే పట్టేస్తుంది.

తేడా పోనుపోను పెరుగుతుంటే వేగంలో గొడవ. మధ్యలో ఒక్కసారిగా మారితే అక్కడ అతుకు ఉంది. 16 ఎంఎం ప్రింటులో శబ్దం తన బొమ్మకంటే 26 ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది. అందుకే అతుకు దగ్గర బొమ్మ ముందు ఎగురుతుంది, సెకనుకి కాస్త అటుగా శబ్దం ఎగురుతుంది. ఆ సెకను సేపు ఏమీ చేయలేం. దాని తరవాత కూడా తేడా అలాగే ఉంటే మాత్రం ఎవరో వేరే ప్రింటు శబ్దం తెచ్చి దీనికి తగిలించారు, అతుకు అతుకుకీ విడిగా జరపాలి.

మద్దెల #13
ఇంకో రోగం ఉంది: 25 ఫ్రేముల వేగం. యూరప్ టీవీ కాపీలు 24 బదులు 25 మీద నడుస్తాయి. 78 నిమిషాల సినిమా 75లో అయిపోతుంది, శ్రుతి ముప్పావు అరస్వరం దాకా పైకి పోతుంది. గాయని ఎథెల్ వాటర్స్ గొంతు చిన్నపిల్లలా వినిపిస్తే ముందు ఇదే అనుమానించండి. వేగం 96 శాతానికి దించి, శ్రుతి సరిదిద్దే మీట ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే వేగం తగ్గినా శ్రుతి కిందికి దిగదు.

నేలటికెట్ #14
మూడింటికీ దారి దొరికింది. నాది రెండు చోట్లా ఒకే తేడా, కె రెండుసార్లు నొక్కితే కుదిరింది. ఇక ఏవి వేయాలో చెప్పండి. 'రూఫస్ జోన్స్' వేయొచ్చా?

మద్దెల #15
వద్దు. 21 నిమిషాల సినిమాలో సగం ఎగతాళే. తల్లి ఒడిలో నిద్రపోయిన పిల్లాడు అధ్యక్షుడైనట్టు కల, ఓటేస్తే పంది మాంసం ముక్కలిస్తామన్న బోర్డు, సెనేట్‌లో పాచికలు. తీసింది తెల్లవాళ్లు, చూసి నవ్వాల్సిందీ తెల్లవాళ్లే. ఉపోద్ఘాతం లేకుండా తెర మీదికి వదిలితే హాల్లో వాళ్లు దేనికి నవ్వుతున్నారో మీకే తెలియదు.

కాళ్లచప్పుడు #16
#15తో సగమే ఏకీభవిస్తా. ఆ పిల్లాడు ఏడేళ్ల శామీ డేవిస్ జూనియర్. ఆ వయసులో ఆ కాలి పట్టు చూడకపోతే ఎలా? ఎథెల్ వాటర్స్ 'అండర్‌నీత్ ద హార్లెమ్ మూన్' పాడిన తీరు చూడండి. మ్యాక్ గోర్డన్, హారీ రెవెల్ రాసిన పాట అది, నల్లవాళ్లని దూరంనుంచి చూసి రాసిన మాటలు. ఆవిడ 'వాళ్లు' అన్న చోట 'మేము' పెట్టి, సొంత చరణం కలిపి, పాటని వెనక్కి తిప్పి కొట్టింది. సినిమా మొత్తం కాకుండా ఆ పాట, శామీ నాట్యం రెండు ముక్కలుగా వేయొచ్చు.

పాతబొమ్మలపిచ్చి #17
ముక్కలు చేయడమంటే అమెరికా దక్షిణాది థియేటర్లవాళ్లు చేసిన పనే కదండీ. గాయని లీనా హార్న్‌ని ఎంజీఎం స్టూడియో పెద్ద సినిమాల్లో ఎలా పెట్టారు? స్తంభానికి ఆనుకుని ఒక పాట, కథలో ఎవరితోనూ మాట ఉండదు. మెంఫిస్‌లో లాయిడ్ బిన్‌ఫర్డ్ లాంటి సెన్సారు ఆ రీలు ముక్క తీసేసినా కథ ఎక్కడా చిరగకూడదని ముందే అలా కుట్టారు. 'స్టార్మీ వెదర్', 'క్యాబిన్ ఇన్ ద స్కై' రెండూ 1943లోనే వచ్చాయి, వాటిలో అందరూ నల్లవాళ్లే కాబట్టి కత్తిరించడానికి వీల్లేదు. ఆపితే మొత్తం బొమ్మనే ఆపాలి.

అరటితొక్క #18
మన దగ్గరా ఆఖరాట త్వరగా అయిపోవాలని పాటలు లేపేసే ఆపరేటర్లుండేవారు. వాళ్లకి ఏ జాతి అయినా ఒకటే, ఇంటికి చేరడం ముఖ్యం.

బాల్కనీబాబు #19
'స్టార్మీ వెదర్'లో కథ ఉందంటారా అసలు? బిల్ రాబిన్సన్‌కి 65, లీనాకి 26, వాళ్లిద్దరూ ప్రేమికులు!

కాళ్లచప్పుడు #20
మన హీరోలని చూసినవాళ్లకి ఆ తేడా ఒక లెక్కా. కథ గోడకి కొట్టిన మేకు, దానికి 20 దాకా పాటలూ నాట్యాలూ తగిలించారు. 78 నిమిషాల్లో అంతే జాగా. దాన్ని తప్పుగా చూడకండి, మేకు ఎంత చిన్నదైతే చొక్కా అంత బాగా కనిపిస్తుంది.

ఆ చివరి మెట్ల ఘట్టం ఎలా చూడాలో చెప్తా. క్యాబ్ క్యాలవే 'జంపిన్ జైవ్' పాడి వదలగానే నికొలస్ అన్నదమ్ములు ఫేయార్డ్, హెరాల్డ్ బల్లల దగ్గర్నుంచి లేచి బ్యాండులోకి వెళ్తారు. వాద్యగాళ్ల మధ్య గుండ్రటి దిమ్మల మీద ఒకదాన్నుంచి ఇంకోదాని మీదికి గెంతుతూ, పియానో మూత మీదికెక్కి ఆడతారు. అక్కడ శబ్దం వినండి, నేల మారినప్పుడల్లా చప్పుడు రంగు మారుతుంది. తరవాత పెద్ద తెల్లమెట్లు. ఒకడు మెట్టు మీద నిలబడితే వెనకవాడు వాడి తలమీంచి దూకి కింది మెట్టు మీద రెండు కాళ్లూ చాపి పడతాడు. పడ్డవాడు చేతులు ఆనించకుండా లేవాలి. లోపలి తొడల బలంతో పాదాలని దగ్గరికి లాక్కుంటూ లేస్తారు, ఆ లేవడమే అసలు విద్య. పడడం చాలామంది పడతారు. లేచేలోపు రెండోవాడు గాల్లో ఉంటాడు. రిహార్సల్ లేకుండా మొదటి టేకులోనే అయిందని ఫేయార్డ్ చెప్పేవాడు. ఆ మెట్లలో పాదాలు కోసేసిన కాపీ వేస్తే నేను హాల్లోంచి లేచిపోతా.

నేలటికెట్ #21
వేయను స్వామీ, నల్లపట్టీల కాపీ దొరికింది.

మద్దెల #22
రాబిన్సన్ వేరే బడి. ఆయన ముని పాదాల మీద నిటారుగా ఆడతాడు, బూటు అడుగు చెక్క, ఇనుప బిళ్లలు ఇష్టపడేవాడు కాదు. నడుము పైన దాదాపు కదలిక ఉండదు. మెట్ల నాట్యం 'హార్లెమ్ ఈజ్ హెవెన్' (1932)లో ఉంది, ప్రతి మెట్టూ వేరే స్వరం పలుకుతుంది. కళ్లు మూసుకుని ఒకసారి వినండి. జాన్ బబుల్స్ దీనికి ఎదురు. మడమలు దించి కింది స్వరాలు తెచ్చాడు, నడక సగానికి తగ్గించి మధ్యలో ఎక్కువ దెబ్బలు ఇరికించాడు. 'క్యాబిన్ ఇన్ ద స్కై'లో డామినో జాన్సన్ ఆయనే. మృదంగంలో కుడిమూత, ఎడమమూత తేడా తెలిసినవాళ్లకి ఈ ఇద్దరి తేడా ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

రీలుడబ్బా #23
ఒక చిన్న చేర్పు. పెద్ద స్టూడియో సినిమాల్లో వినిపించే ట్యాప్ చప్పుడు సాధారణంగా షూటింగ్‌నాటిది కాదు. పాట ముందు రికార్డు చేసి, దానికి నాట్యం తీసి, తరవాత నర్తకుడు తెర మీద తన కాళ్లు చూస్తూ చెక్కపలక మీద మళ్లీ కొట్టేవాడు. అందుకే కొన్ని చోట్ల పాదం తివాచీ మీద ఉన్నా చప్పుడు చెక్క మీద వస్తుంది. సౌండీల్లో పాట ముందే రికార్డు చేసినది, కెమెరా ముందు పెదవులు కదిపేవారు.

సాక్సుసత్యం #24
తొలి టాకీలు మాత్రం చాలావరకు అక్కడికక్కడే పట్టినవి. 'సెయింట్ లూయీస్ బ్లూస్' (1929) చూడండి, 16 నిమిషాలు. బెస్సీ స్మిత్ కనిపించే సినిమా అదొక్కటే. జేమ్స్ పీ. జాన్సన్ పియానో, హాల్ జాన్సన్ గాయక బృందం, దర్శకుడు డడ్లీ మర్ఫీ. కానీ అందులో హాస్యం తక్కువ, ఏడుపు ఎక్కువ. అదే ఏడు అదే దర్శకుడు తీసిన 'బ్లాక్ అండ్ టాన్' మీకు సరిపోతుంది, 19 నిమిషాలు. డ్యూక్ ఎలింగ్టన్ పియానో పట్టుకుపోవడానికి ఇద్దరు కూలీలు వస్తారు. చేతిలో కాగితం ఉంటుంది, చదవడం రాదు. ఫ్రెడీ వాషింగ్టన్ సారా సీసా చూపిస్తే, ఇంట్లో ఎవరూ లేరని చెప్పుకుంటామని వెళ్లిపోతారు. తరవాత క్లబ్బులో అద్దంలాంటి నేల మీద ఐదుగురు ఎత్తు వరసన ఒకరికొకరు అతుక్కుని, ఒకే మనిషికి పది కాళ్లున్నట్టు ఆడతారు. ప్రొజెక్టరు వెలుగు తక్కువైతే నేలలో ప్రతిబింబం పోతుంది, హాలు బాగా చీకటి చేయండి.

బాల్కనీబాబు #25
ఆ కూలీల సీను మీద కూడా #15 అభ్యంతరం వర్తించదా?

మద్దెల #26
వర్తిస్తుంది. కానీ పక్కనే ఎలింగ్టన్ కోటు వేసుకుని కొత్త పాట స్వరపరుస్తూ కూర్చున్నాడు. అదే గదిలో రెండు రకాల మనుషులు. 'రూఫస్'లో రెండో రకం లేదు.

పాతబొమ్మలపిచ్చి #27
మరి బిరడా మసి సంగతి? నల్లజాతి హాస్యగాళ్లే ముఖానికి కాల్చిన బిరడా మసి పూసుకుని పెదాలకి తెల్లరంగు వేసుకునేవారు. 'స్టార్మీ వెదర్'లో కూడా ఫ్లోర్నాయ్ మిల్లర్, జానీ లీ అలాగే వస్తారు. 1943లో! కత్తిరించకుండా వేయాలంటే అదీ చూపించాలి.

కాళ్లచప్పుడు #28
చూపించండి, ముందు రెండు ముక్కలు చెప్పి. హాస్యగాడు బర్ట్ విలియమ్స్ దగ్గర్నుంచి చెప్పాలి. బహామాస్‌లో పుట్టినవాడు, లేత రంగు మనిషి, వేదిక మీద మసి పూసుకునే బతికాడు. 1913లో ఆయనతో తీసి వదిలేసిన సినిమా నెగటివులు బయోగ్రాఫ్ కంపెనీ సరుకుతోపాటు న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి చేరాయి. ఏడు రీళ్లు, కూర్చని ముక్కలు. 2014లో బయట చూపించారు, పేరు 'లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే'. అందులో మసి ఒక్క విలియమ్స్ ముఖానే ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా మామూలుగా చక్కగా ముస్తాబై కేక్‌వాక్ ఆడతారు. ఒక్కడు మసి పూసుకుంటే మిగతావాళ్లకి వదిలిపెట్టారన్నమాట. చివర్లో ఆయనా ఒడెస్సా వారెన్ గ్రే ముద్దు పెట్టుకుంటారు, ఎగతాళి లేకుండా. ఆ రోజుల్లో అది చాలా అరుదు.

అరటితొక్క #29
మిల్లర్ అంటే మధ్యలో తెంపే మాటల జోడీయేగా? ఆబ్రీ లైల్స్‌తో?

పాతబొమ్మలపిచ్చి #30
ఆయనే. 1921లో న్యూయార్క్‌లో దుమ్ము రేపిన 'షఫుల్ అలాంగ్' నాటకం ఆ జోడీదే, పాటలు నోబుల్ సిసిల్, యూబీ బ్లేక్‌లవి. లైల్స్ 1932లో పోయాక ఆ మాటల ఆటని మాంటన్ మోర్లాండ్ అందుకున్నాడు. చార్లీ చాన్ సినిమాలు 'ద స్కార్లెట్ క్లూ' (1945), 'డార్క్ అలిబీ' (1946)లలో బెన్ కార్టర్‌తో చేస్తాడు. ఇద్దరూ ఒక్క వాక్యమూ పూర్తి చేయరు, ఇద్దరికీ అంతా అర్థమవుతుంది.

అరటితొక్క #31
నిన్న మన సుబ్బారావు ఆ దారిలోనే

బాల్కనీబాబు #32
ఏ సుబ్బారావు, ఆ మొన్న

అరటితొక్క #33
ఛ, వాడెందుకు వస్తాడు, వాడు పోయినేడేగా

బాల్కనీబాబు #34
ఎంతకి?

అరటితొక్క #35
పొలంతో కలిపి

బాల్కనీబాబు #36
మోసపోయాడు, అక్కడ ఇప్పుడు

అరటితొక్క #37
అప్పుడే దాటిపోయింది!

మద్దెల #38
నవ్వొచ్చింది గానీ మీ ఇద్దరికీ మన భాష సాయం చేసింది. మనకి క్రియ చివర్లో వస్తుంది, ఎక్కడ కోసినా పని ఏమిటో దాగిపోతుంది. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది. అందుకని వాళ్లు సరిగ్గా పేరో అంకో రావలసిన చోట కోయాలి, ఒక్క మాట ఆలస్యమైనా ఆట చెడిపోతుంది. మోర్లాండ్ కళ్లు చూడండి, ఎదుటివాడి పేరు నోటి చివరికి రాగానే కళ్లు పెద్దవవుతాయి, అదే కోత గుర్తు. కెమెరా ఇద్దరినీ ఒకే షాట్‌లో ఉంచితేనే ఇది పండుతుంది.

నేలటికెట్ #39
ఇవన్నీ పెద్ద స్టూడియోలవి కదా. నల్లజాతి థియేటర్ల కోసమే తీసిన రేస్ ఫిల్ముల్లో పాటల హాస్యం ఏది బాగుంటుంది? ఆస్కర్ మిషో?

పాతబొమ్మలపిచ్చి #40
మిషో 'స్వింగ్!' (1938) ఉంది, కానీ కొత్తవాళ్లకి ఓపిక కావాలి. డబ్బు లేదు, ఒక టేకు, అది తప్పైనా అదే. మధ్యలో క్లబ్బు నాట్యాలు పది నిమిషాలు వస్తాయి, ఎందుకంటే క్లబ్బు కళాకారులు పగలు ఖాళీ, వేదిక ఒక్కటే, కెమెరా కదలనక్కర్లేదు. అడుగుకి అయ్యే ఖర్చు అక్కడే తక్కువ. ఇలాంటి సినిమాల్లో చప్పట్లు కొట్టే జనం షాట్ గుర్తుపెట్టుకోండి, అదే టోపీ, అదే నవ్వు మళ్లీ మళ్లీ వస్తుంటుంది.

రాల్ఫ్ కూపర్ 'ద డ్యూక్ ఈజ్ టాప్స్' (1938) ఇంతకంటే సాఫీగా ఉంటుంది. లీనా హార్న్ మొదటి సినిమా. ప్రియురాలు న్యూయార్క్ వెళ్లిపోతే నాయకుడు ఊరూరా తైలం అమ్మే బృందంలో చేరతాడు, పాటలు పాడి జనాన్ని పోగేసి సీసాలు అమ్మడం. మన సంతల్లో లేని దృశ్యమేమీ కాదు. లీనాకి పేరొచ్చాక 1943లో 'ద బ్రాంజ్ వీనస్' అని కొత్త పేరు తగిలించి, ఆవిడ పేరు పైన వేసి మళ్లీ వదిలారు. రెండు పేర్లు చూసి రెండు సినిమాలనుకోకండి.

రీలుడబ్బా #41
పాటల కౌబాయ్ కావాలంటే హెర్బ్ జెఫ్రీస్, 'ద బ్రాంజ్ బకరూ' (1939). అద్దె కట్టడానికి నాటకం వేసే కథ కావాలంటే 'బోర్డింగ్ హౌస్ బ్లూస్' (1948), మామ్స్ మేబ్లీ. అందులో క్రిప్ హర్డ్ అనే నర్తకుడికి ఒక కాలు, ఒక చెయ్యి. ఊతకర్ర కూడా లేకుండా ట్యాప్ ఆడతాడు. అద్దె గొడవ ఎవరికి గుర్తుంటుంది ఇక.

సాక్సుసత్యం #42
లూయీ జోర్డన్‌ని వదిలేస్తారా? 'కాల్డోనియా' (1945) 18 నిమిషాలే. ఆ తరవాత 'బివేర్' (1946), 'లుక్-ఔట్ సిస్టర్' (1947), ఆస్టర్ పిక్చర్స్ వదిలినవి. జోర్డన్ బ్యాండు ఊరికి రాకముందే బొమ్మ వెళ్లి పాటలు జనం నోట పెట్టేది, తరవాత ఆయన వచ్చి నాట్యశాల నింపేవాడు. సినిమాయే ఇక్కడ గోడపోస్టరు.

నేలటికెట్ #43
ఇవి ఎందుకంత అరిగిపోయి కనిపిస్తాయి? 'స్టార్మీ వెదర్' అద్దంలా ఉంది, 'కాల్డోనియా' వర్షంలో తీసినట్టుంది.

రీలుడబ్బా #44
'స్టార్మీ వెదర్' పెద్ద స్టూడియో ఫాక్స్‌ది, దాన్ని జాగ్రత్తగా దాచారు. రేస్ ఫిల్ములకి ప్రింట్లే కొద్ది, ఊరు ఊరుకీ అవే తిరిగేవి. దక్షిణాదిలో తెల్లవాళ్ల ఆటలయ్యాక అర్ధరాత్రి ఆట వేసేవారు, అరిగిన ప్రొజెక్టర్లు, తొందర. 35 ఎంఎం నైట్రేట్ ఫిల్ము ముందు జిగురవుతుంది, తరవాత గోధుమరంగు పొడి. సుమారు 500 తీస్తే మిగిలినవి 100 లోపే. మనకి దొరికేవి చాలావరకు 16 ఎంఎం, అది మొదట్నుంచీ ఎసిటేట్ కాబట్టి అంటుకోదు, మహా అయితే పుల్లటి వాసన వేసి ముడుచుకుంటుంది. 1983లో టెక్సస్ టైలర్ ఊళ్లో ఒక గోదాములో ఒకేసారి చాలా ప్రింట్లు బయటపడ్డాయి, స్పెన్సర్ విలియమ్స్ 'జూక్ జాయింట్' (1947) వాటిలోనే. గీతలు పోవాలని శుభ్రం చేసే ఫిల్టరు వాడకండి. ట్యాప్‌లో వేగంగా కదిలే బూటుని కూడా అది గీతే అనుకుని తుడిచేస్తుంది.

అరటితొక్క #45
మళ్లీ పాదాలు పోయాయి!

మద్దెల #46
శబ్దంలో కూడా అదే జాగ్రత్త. చిటపటలు తీసే మీట గట్టిగా తిప్పితే ట్యాప్ దెబ్బల మొదటి అంచు పోతుంది. టక్ అన్నది తప్ అవుతుంది. చిటపట ఉండనివ్వండి, బుస్సుమనే శబ్దం మాత్రం కాస్త తగ్గించండి.

నేలటికెట్ #47
లెక్క వేశా. 'బ్లాక్ అండ్ టాన్' 19, 'పై పై బ్లాక్‌బర్డ్' (1932) 11, సౌండీలు నాలుగు 12, 'స్టార్మీ వెదర్' 78. సరిగ్గా 120.

బాల్కనీబాబు #48
టీ ఎప్పుడు? మాంటన్ మోర్లాండ్ వచ్చి మధ్యలో తెంపుతాడా?

కాళ్లచప్పుడు #49
'పై పై బ్లాక్‌బర్డ్' పెట్టడం బాగుంది. నినా మే మెకిన్నీ వంటింట్లో పిల్లలకి పై చేస్తుంటుంది, ఆ పిల్లలే నికొలస్ సోదరులు. పై తెరిస్తే లోపల వంటవాళ్ల టోపీలతో యూబీ బ్లేక్ బ్యాండు. పాట వేడెక్కి వేడెక్కి అందరూ అస్థిపంజరాలవుతారు. హెరాల్డ్‌కి పదకొండేళ్లు ఉంటాయేమో. అదే మనుషులు పదకొండేళ్ల తరవాత 'స్టార్మీ వెదర్' మెట్ల మీద. ఈ రెంటికీ మధ్య టీ పెట్టకండి, సౌండీలు కూడా పెట్టకండి. టీ 'బ్లాక్ అండ్ టాన్' తరవాత, సౌండీలు రెండు చాలు, టీ తాగి జనం కుర్చీల్లో సర్దుకునేలోపు.

పాతబొమ్మలపిచ్చి #50
హక్కుల సంగతి కూడా చూసుకోండి. అమెరికాలో 'స్టార్మీ వెదర్' 2038 చివరిదాకా హక్కుల్లోనే ఉంటుంది. మన చట్టంలో సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మీరు వేసేది కొన్న డిస్కు అయితే దాని మీద రాసిన షరతు చదవండి.

నేలటికెట్ #51
ఖాయం: 'బ్లాక్ అండ్ టాన్', టీ, రెండు సౌండీలు, 'పై పై', 'స్టార్మీ వెదర్'. సౌండీలు రెండూ తిప్పేశాను, ఇప్పుడు జోర్డన్ ఎడమచెయ్యి పైనే ఉంది.

సాక్సుసత్యం #52
రెండోదాని కోటు జేబు చూశారా? కొన్ని సౌండీలని తరవాత ఇళ్లలో చూసుకునే ప్రొజెక్టర్ల కోసం సరైన వైపే ముద్రించి అమ్మారు. అది అలాంటిదైతే మీరిప్పుడు దాన్ని తిరగేశారు.

నేలటికెట్ #53
జేబు మనకి ఎడమవైపు ఉంది.

సాక్సుసత్యం #54
అయితే దాన్ని మళ్లీ తిప్పండి.